జీతం ఎవరి దయా కాదు

(తిరుపతిలో పారిశుద్ధ్య కార్మికులు, చిన్న ఉద్యోగులు, కాంట్రాక్టు పనివాళ్ళు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు పిలిచేటప్పుడే మీరు మాకొక ప్రశ్న వేసినారు. "సర్కారు పని చేసినాం, జీతం రాలేదు. కోర్టుకు పోవచ్చునా?" మేము బడి పంతుళ్ళం, వకీళ్ళం కాము. అయినా మీ ప్రశ్న పట్టుకుని తీర్పులు చదివినాం, తెలిసిన వకీళ్ళను అడిగినాం. జవాబు ఒక్క మాటే: పోవచ్చు. అయితే ఒక్క మాట చెప్పి దిగిపోతే మీకు పని జరగదు. ఎందుకు పోవచ్చో, ఎట్లా పోవాలో, పోయినా మనకు కోర్టులో దొరకనిది ఏమిటో మూడూ మాట్లాడుకోవాలి.

ముందు జీతం అనే మాట దగ్గర ఆగుదాం. మన పల్లెల్లో జీతగాడు అంటే ఎవరు? పెద్ద రైతు ఇంట్లో ఏడాదికి ఇన్ని మూటల గింజలకని కుదిరి, తెల్లారకముందే పేడకసవు ఎత్తి, కాడి కట్టి, రాత్రి చేని కాడ కావిలి పండుకునే మనిషి. అప్పు తీరకపోతే వాని కొడుకు కూడా జీతగాడే. అదే ఆఫీసులో ఫ్యాను కింద కూర్చున్నాయన నెల నెలా తీసుకునేదాన్ని కూడా జీతమనే అంటాం. మాట ఒకటే, మర్యాద వేరే. ఒకరికి జీతం హక్కు. ఇంకొకరికి జీతం దొర పెడితే తినేది. వెట్టి కార్మిక వ్యవస్థను రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. చట్టం వచ్చినా, ఇచ్చినప్పుడు పుచ్చుకో, ఇయ్యనప్పుడు నోరు మూసుకో అనే అలవాటు ఇంకా పోలేదు. అది దొర వాకిలి నుంచి పంచాయతీ ఆఫీసుకు, మున్సిపాలిటీకి, కాంట్రాక్టర్ గదికి నడిచి వచ్చింది.

సర్కారు పని చేసి జీతం లేకుండా ఉండడం మన కులాలకు కొత్త కాదు. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడినప్పుడు ఇది మద్రాసు రాష్ట్రం. ఊర్లో తోటి, తలారి, వెట్టి అని గ్రామ సేవకులుండేవాళ్ళు. శిస్తు వసూలుకు జనాన్ని పిలవాల, సర్కారు దొర వస్తే మూటలు మోయాల, తప్పెట కొట్టి చాటాల, పొలిమేర చూపించాల. చేసేది సర్కారు పని. కూలి మాత్రం కల్లం కాడ చేయి చాపితే రైతు పెట్టే మేర గింజలు. మంచి మాట్లాడితే చేటెడు, ఎదురు మాట్లాడితే ఏమీ లేదు. ఆ గింజలు ఇయ్యకపోతే ఏ కోర్టుకు పోతాడు?

ఈ ముడి ఎక్కడుందో అంబేద్కర్ పట్టుకున్నాడు. బొంబాయి రాష్ట్రంలో మహార్లది ఇదే బతుకు. వతన్ పేరుతో చారెడు నేల, బలుతా పేరుతో కొన్ని గింజలు, రాత్రీ పగలూ సర్కారు చాకిరీ. 1928 మార్చి 19న ఆయన బొంబాయి శాసన మండలిలో ఒక బిల్లు పెట్టినాడు. 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టాన్ని మార్చమన్నాడు. వీళ్ళు చేయాల్సిన పనులేమిటో రాసి పెట్టండి, గింజలకు బదులు డబ్బు లెక్క కట్టి ఇప్పించండి, ఈ చాకిరీ వద్దనుకున్న వాన్ని వదిలిపెట్టండి. ఇదీ దాని సారం. ఆ బిల్లు గట్టెక్కలేదు. 1929లో వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఆ కింది వతన్లు రద్దయ్యే చట్టం ఆయన పోయిన తర్వాత 1958లో గానీ రాలేదు. కానీ ఆయన నేర్పించిన పాఠం చూడండి. గింజలు కాదు, లెక్క. దయ కాదు, జమ. దయను కోర్టులో అడగలేం. లెక్కను అడగొచ్చు.

ఇప్పుడు కోర్టు సంగతికి వద్దాం. ఇంగ్లీషు వాళ్ళ కాలంలో ఒక సూత్రం ఉండేది. సర్కారు ఉద్యోగి రాజు దయతో ఉండేవాడు, కాబట్టి జీతం బాకీ అని రాజు మీద దావా వేయగూడదు. ఐ.ఎం. లాల్ అని ఐ.సి.ఎస్. అధికారి ఒకాయన కేసులో 1948లో లండన్ ప్రివీ కౌన్సిల్ ఇదే చెప్పింది. ఐ.సి.ఎస్. ఆయనకే దిక్కు లేకపోతే తలారికి దిక్కేముంది?

ఆ సూత్రం 1954లో కూలింది. బీహారులో అబ్దుల్ మజీద్ అనే పోలీసు సబ్ ఇన్‌స్పెక్టరును 1940లో డిస్మిస్ చేసినారు. తర్వాత మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు గానీ మధ్య కాలం జీతం ఇయ్యలేదు. ఆయన దావా వేసినాడు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1954లో సుప్రీంకోర్టు ప్రివీ కౌన్సిల్ మాటను కాదని, ప్రభుత్వ ఉద్యోగి తన జీతం బకాయి కోసం ప్రభుత్వం మీద దావా వేయవచ్చునని తేల్చింది. మీరు వేసిన ప్రశ్నకు ఈ దేశంలో 1954లోనే జవాబు వచ్చింది. మన వాడల దాకా ఆ జవాబు నడిచి రాలేదు, అంతే.

1982లో ఇంకో రెండు తీర్పులు వచ్చినాయి. డిసెంబర్ 17న నకారా కేసులో పింఛను బహుమానం కాదు, చేసిన ఉద్యోగానికి హక్కు అన్నారు. అందుకే రిటైరైన వాళ్ళు ప్రతి ఏడూ ఆ రోజున పింఛనుదారుల దినం జరుపుకుంటారు. దాన్ని అందరూ గుర్తు పెట్టుకున్నారు. అదే ఏడు సెప్టెంబర్ 18న వచ్చిన తీర్పును మనం గుర్తు పెట్టుకోవాలి. ఢిల్లీలో ఏషియాడ్ ఆటల కోసం స్టేడియాలు, వంతెనలు కట్టినారు. కూలికి కనీస వేతనం రోజుకు 9 రూపాయల 25 పైసలు. మధ్యలో జమేదారు ఒక రూపాయి కమీషను పట్టుకుని 8 రూపాయల 25 పైసలు చేతిలో పెట్టేవాడు. ఒక్క రూపాయే కదా అని కోర్టు అనలేదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టి చాకిరీ అన్నది. కాంట్రాక్టరు చూసుకోవాల, మాకేం సంబంధం అని ప్రభుత్వం తప్పించుకోలేదన్నది. మన తాతలు కల్లం కాడ చేసినదానికీ, మనం ఇప్పుడు ఏజెన్సీ కింద చేస్తా ఉన్నదానికీ రాజ్యాంగంలో పేరు ఒకటే.

2003 మే 9న కపిలా హింగోరాని కేసు. బీహారు ప్రభుత్వ సంస్థల్లో ఏండ్ల తరబడి జీతాలు లేక ఉద్యోగులు, వాళ్ళ పిల్లలు ఆకలితో చనిపోయినారని పత్రికల్లో వచ్చింది. ఆ వార్తలు పట్టుకుని ఒక మహిళా వకీలు సుప్రీంకోర్టుకు పోయినారు. అవి వేరే కంపెనీలు, మావి కావు అని ప్రభుత్వం వాదించింది. జీతం ఆపడం బతికే హక్కును తీయడమేనని చెప్పి, ముందు 50 కోట్లు హైకోర్టులో కట్టమని కోర్టు ఆదేశించింది.

ఇక మన రాష్ట్రంలోనే జరిగింది చెప్తాం. ఇది మీరంతా అనుభవించిందే. 2020లో కరోనా లాక్‌డౌన్. మార్చి 31న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 26వ నంబరు జీవో ఇచ్చింది. ఎక్కువ మంది ఉద్యోగులకు సగం జీతం వాయిదా. నాలుగో తరగతి వాళ్ళకు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళకు పది శాతం వాయిదా. పింఛను తీసుకునే ముసలోళ్ళకు కూడా వాయిదా. తేదీ చూడండి. మార్చి నెలంతా పని చేయించుకుని, ఆఖరి రోజున కాగితం. ఏప్రిల్ 4న వైద్య ఆరోగ్య శాఖకు, పోలీసులకు, పారిశుద్ధ్య కార్మికులకు పూర్తి జీతం ఇస్తామని ఇంకో జీవో ఇచ్చినారు. రోగం తరుముతా ఉంటే ఊడ్చే వాళ్ళ విలువ నాలుగు రోజుల్లో తెలిసొచ్చింది. రోగం పోయినాక మళ్ళీ మరిచినారు.

విశ్రాంత జిల్లా జడ్జి దినవహి లక్ష్మీ కామేశ్వరి హైకోర్టులో ప్రజా ప్రయోజన వ్యాజ్యం వేసినారు. 2020 ఆగస్టు 11న హైకోర్టు తీర్పు చెప్పింది. జీతం, పింఛను ఉద్యోగి ఆస్తి. 300ఎ అధికరణం ప్రకారం చట్టం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకోకూడదు. జీవో చట్టం కాదు. ఆపిన డబ్బు 12 శాతం వడ్డీతో ఇయ్యండి. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 2021 ఫిబ్రవరి 8న సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది. కరోనా కష్టం చూసి, ప్రభుత్వాన్ని శిక్షించడానికి వడ్డీ వేయడం లేదన్నది. కానీ అసలు మాట మారలేదు. జీతం చేసిన పనికి ఉద్యోగికి రావాల్సిన హక్కు. ఆలస్యం చేసినందుకు వడ్డీ కట్టాల్సిందే.

ఇందులో రెండు సంగతులు మనం పట్టుకోవాలి.

మొదటిది ఆస్తి అనే మాట. ఆస్తి అంటే మనకు గుర్తొచ్చేది పొలం, బావి, మేడ. అవి మన దగ్గర లేవు. సెంటు భూమి లేని వాడలు ఈ రెండు జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. కానీ సెంటు భూమి లేని మనిషికి కూడా ఒక ఆస్తి ఉందని కోర్టు ఒప్పుకున్నది. అది చేసిన పనికి రావాల్సిన కూలి. రైతు గట్టు జరిపితే ఊరంతా పంచాయితీకి కూర్చుంటుంది. మన మూడు నెలల జీతం జరిగిపోతే అది పంచాయితీ కాదా? అది కూడా గట్టు జరపడమే. మనం అట్లా అనుకోవడం ఇప్పటికైనా మొదలు పెట్టాల.

రెండో సంగతి చేదుగా ఉంటుంది. కామేశ్వరి గారు కొట్టెయ్యమని అడగడానికి ఒక జీవో ఉండింది. నంబరు, తేదీ, సంతకం అన్నీ ఉన్నాయి. మీకు ఏమున్నాయి? "బిల్లు పాసు కాలేదు." "ఏజెన్సీ మారింది." "పై నుంచి బడ్జెట్ రాలేదు." "వచ్చే నెల రెండూ కలిపి ఇస్తాం." ఇవన్నీ నోటి మాటలు. పెద్ద ఉద్యోగి జీతం ఆపాలంటే కాగితం కావాల. చిన్నోని జీతం ఆపాలంటే నోటి మాట చాలు. మన మీద జరిగే అన్యాయానికి కాగితం కూడా ఖర్చు పెట్టరు. కోర్టులో మనకు దొరకనిది ఇదే. కోర్టు కాగితాన్ని చూస్తుంది, కన్నీళ్ళను చూడలేదు. కాబట్టి ఆ కాగితాన్ని మనమే పుట్టించాలి.

అది ఎట్లాగో చెప్తాం. అక్షరం రాని అక్క కూడా పిల్లోని చేత రాయించి చేయగలిగిన పనులే ఇవి.

ఒకటి, పని చేసినట్టు సాక్ష్యం. మస్టర్ నకలు, గుర్తింపు కార్డు, బ్యాంకు పాసుబుక్కు, పి.ఎఫ్. లెక్క ఉంటే అది. ఏమీ లేకపోతే ఒక నోటు బుక్కులో రోజూ తేదీ వేసి, ఏ వీధిలో, ఏ మేస్త్రీ కింద పని చేసినారో రాయండి. జీతం ఆగిన తర్వాత రాసేది కాదు, ఈ రోజు నుంచే రాయాల.

రెండు, అర్జీ. ఏ నెల నుంచి ఏ నెల దాకా ఎంత రావాల్నో రాసి ఆఫీసులో ఇచ్చి, నకలు మీద సీలు, తేదీ వేయించుకోండి. సీలు వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మా జీతం బిల్లు ఏ తేదీన పెట్టినారు, ఏ బల్ల మీద ఉంది? 30 రోజుల్లో చెప్పాల. నోటి మాట అక్కడ కాగితం అవుతుంది.

మూడు, గడువు. జీతం బకాయికి దావా వేసే గడువు మూడేండ్లు. జీతం తప్పుగా లెక్క కట్టి ప్రతి నెలా తక్కువ ఇస్తా ఉంటే, ఆ తప్పు ప్రతి నెలా కొత్తగా పుట్టినట్టేనని సుప్రీంకోర్టు 1995లో గుప్తా కేసులో చెప్పింది. కానీ వెనకటి బకాయి మామూలుగా మూడేండ్లకే ఇస్తారు. పదేండ్లు సహనంగా ఉంటే ఏడేండ్ల కూలి పోయినట్టే. సివిల్ దావా అయితే ప్రభుత్వానికి రెండు నెలల ముందు నోటీసు ఇయ్యాల. హైకోర్టులో 226వ అధికరణం కింద రిట్‌కు ఆ నోటీసు అవసరం లేదు.

నాలుగు, కాంట్రాక్టు వాళ్ళ సంగతి. కాంట్రాక్టరు ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థే కట్టాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం చెప్పింది. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చినా ఆ బాధ్యత పోలేదు. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపల పడాల. రాకపోతే మూడేండ్ల లోపల క్లెయిమ్ వేసుకోవచ్చు. ఏజెన్సీ మారింది అనేది వాళ్ళ తలనొప్పి, మన పస్తు కాగూడదు.

ఐదు, ఖర్చు. 1987 న్యాయ సేవల చట్టం కింద ఎస్.సి., ఎస్.టి.లకు, ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. చిత్తూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెప్తారు. కుల ధ్రువపత్రం నకలు దగ్గర పెట్టుకోండి.

మా బడుల్లో వంట చేసే అక్కల గురించి ఒక మాట. మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు ప్రాధాన్యం ఇయ్యమని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20న ఆదేశించింది. మన అక్క వండితే పిల్లోళ్ళను తిననీయని ఊర్లను అది నిలదీసింది. మంచిదే. కానీ ఆమెకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఎంత తక్కువ ఇస్తే అంత పెద్ద గౌరవం! ఉత్తరప్రదేశ్‌లో బస్తీ జిల్లా వంట తల్లి ఒకామె దీని మీద హైకోర్టుకు పోయింది. నెలకు 1,000 రూపాయలకు వండించుకోవడం వెట్టి చాకిరీ అని 2020 డిసెంబర్‌లో అలహాబాద్ హైకోర్టు తీర్పు చెప్పింది. పేరు మార్చి గౌరవం అన్నంత మాత్రాన వెట్టి వెట్టి కాకుండా పోదు.

ఇప్పుడు భయం గురించి. "కోర్టుకు పోతే తీసేస్తారు" అని మీలో సగం మంది మనసులో అనుకుంటా ఉన్నారు. తీసెయ్యరని మేము మాట ఇయ్యలేం. ఒక్కడు పోతే తీసెయ్యడం సులభం. ఇరవై మంది ఒకే అర్జీ మీద వేలిముద్రలు వేస్తే రేపు పొద్దున ఊరు ఊడ్చే వాళ్ళు ఎవరని వాళ్ళు కూడా ఆలోచిస్తారు. తిరుపతి లాంటి ఊర్లో ఒక్క రోజు చెత్త ఎత్తకపోతే ఏమవుతుందో వాళ్ళకు మనకంటే బాగా తెలుసు. అందుకే మా సలహా, ఎవరూ ఒంటరిగా పోవద్దు. అర్జీ ఒకటే, పేర్లు అందరివీ.

"ఆయన మంచోడు, అడిగితే బాధపడతాడు" అనేది ఇంకో మాట. మంచోడైతే ఇయ్యనీ. అమ్మయినా అడగందే అన్నం పెట్టదు అంటారు. ఈయన అమ్మ కూడా కాదు కదా!

కోర్టు గెలిస్తే అయిపోయిందని కూడా అనుకోవద్దు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడు. ఈ సామెత కొండ కింద బతికే మనకు వేరేగా చెప్పక్కరలేదు. తీర్పు వచ్చినాక ట్రెజరీ కాడ మళ్ళీ తిరగాల్సి వస్తుంది. ఉత్తర్వు అమలు చేయకపోతే కోర్టు ధిక్కారం కేసు ఉంది, దానికి గడువు ఒక్క ఏడాదే. కేసు వేసినాం కదా అని సంఘం నిద్రపోతే ఆ ఏడాది కూడా జారిపోతుంది. కోర్టు కాడి లాంటిది. ఎద్దులు నడిస్తేనే అది కదిలేది.

కాబట్టి ఈ సభ లేచేలోపల మూడు పనులు జరగాలని మేము అడుగుతా ఉన్నాం. ప్రతి పనిచోటా రాయను చదవను వచ్చిన ఒక్క మనిషిని లెక్కలకు పెట్టండి. ఆడమనిషి అయితే ఇంకా మంచిది, ఇంటి లెక్క తెలిసింది వాళ్ళకే. జీతం ఆగిన ప్రతి ఒక్కరి పేరు, నెలలు, బాకీ ఈ రోజే ఒక పట్టీలో ఎక్కించండి. వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కాడికి అందరం కలిసి పోదాం. రాత పని మాది. మేము బడి వదిలినాక వచ్చి కూర్చుంటాం. మా అమ్మానాయనలు కూలికి పోయి మాకు నేర్పించిన అక్షరాలు అవి. వాళ్ళ కూలి లెక్క రాయడానికి పనికి రాకపోతే ఇంకెందుకు?

మన తాతలు కల్లం కాడ చేయి చాపినారు. మనం కౌంటరు కాడ అర్జీ పెట్టి, నకలు మీద సీలు వేయించుకుందాం.

జై భీమ్.